జడ్జి అడ్వకేట్ అంటే జడ్జి కాదమ్మా

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. ఐదేళ్ల లా కోర్సు చివరి సంవత్సరంలో ఉన్నాను. జడ్జి కావాలన్నది చిన్నప్పటి కోరిక. ఈమధ్య బ్రిటన్ సైనిక న్యాయవాది జెఫ్ బ్లాకెట్ గురించి చదివాను. నేవీలో ఆఫీసరుగా చేరి, బారిస్టరై, చివరికి అక్కడి సైనిక న్యాయస్థానాలకు పెద్ద జడ్జి అయ్యారట. అప్పటినుంచి మన ఆర్మీ న్యాయ విభాగమైన జాగ్ బ్రాంచిలో చేరాలని మనసు లాగుతోంది. ఆ దారిలో వెళ్తే జడ్జి కావచ్చా? నాన్న మాత్రం "పదేళ్లు అక్కడ పెట్టి తిరిగొస్తే సివిల్ జడ్జి పరీక్షకు వయసు దాటిపోతుంది, చేతిలో ప్రాక్టీసూ ఉండదు" అంటున్నారు. అమ్మాయిలకు సీట్లు కూడా తక్కువని స్నేహితులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక లా విద్యార్థిని

సమాధానం:

అమ్మా, మీ నాన్నగారి లెక్కలో ముప్పాతిక వంతు నిజముంది. మిగిలిన పావు వంతు కోసమే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఆ బ్రాంచి యూనిఫాం వేసుకున్నవాణ్ని. ఇప్పుడు సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో జవాన్ల, మాజీ సైనికుల కేసులు వాదిస్తున్నాను. ఆ ఉద్యోగం మీద నాకు ప్రేమ ఉంది. అందుకే అది ఇవ్వలేనిదాన్ని ఇస్తుందని చెప్పి నిన్ను అటు పంపడం నాకు ఇష్టం లేదు.

ముందు బ్లాకెట్ సంగతి. ఆయన రాయల్ నేవీలో కమోడోర్ స్థాయికి ఎదిగి, 2004 నుంచి 2020 దాకా అక్కడ జడ్జ్ అడ్వకేట్ జనరల్‌గా ఉన్నారు. అఫ్గానిస్తాన్‌లో గాయపడి పడివున్న శత్రువును కాల్చి చంపిన మరీన్ సార్జెంటు కేసు 2013లో ఆయన ముందే నడిచింది. ఇంత వరకూ నువ్వు చదివింది సరైనదే. అయితే బ్రిటన్‌లో ఆ పదవిలో ఉండేది యూనిఫాం లేని సివిల్ జడ్జి. ఆయన కింద పనిచేసే జడ్జ్ అడ్వకేట్లు కూడా సివిల్ జడ్జీలే. దోషి అవునా కాదా అన్నది సైనిక సభ్యుల బోర్డు తేలుస్తుంది. శిక్ష దగ్గరికి వచ్చేసరికి జడ్జి కూడా వాళ్లతో కూర్చుని ఓటు వేస్తాడు. అక్కడ కూడా మొదటినుంచీ ఇలా లేదు. కోర్టు మార్షల్‌ను, అంటే సైనిక న్యాయస్థానాన్ని, ఏర్పాటు చేసే కమాండర్‌కు దాని మీద మరీ ఎక్కువ పట్టు ఉందని 1997లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఫిండ్లే కేసులో తప్పుపట్టింది. ఆ తర్వాత చట్టాలు మారుతూ వచ్చి ఇప్పటి రూపం తీసుకున్నాయి.

మన దగ్గర అదే పేరు, వేరే పని. మన ఆర్మీలో జడ్జ్ అడ్వకేట్ జనరల్ అంటే మేజర్ జనరల్ హోదా ఉన్న ఆఫీసరు, ఆర్మీ చీఫ్‌కు న్యాయ సలహాదారు. జాగ్ అన్నది ఆ పేరుకు పొట్టి రూపమే. నువ్వు చేరితే కోర్టు మార్షల్‌లో కూర్చునే కుర్చీ పేరు 'జడ్జి అడ్వకేట్'. 1950 నాటి ఆర్మీ చట్టం 129వ సెక్షన్ ప్రకారం పై స్థాయిదైన జనరల్ కోర్టు మార్షల్‌లో ఆ కుర్చీ తప్పనిసరిగా ఉండాలి. దాని కింది స్థాయిదైన డిస్ట్రిక్ట్ కోర్టు మార్షల్‌లో ఉంటే ఉండవచ్చు, లేకపోనూవచ్చు. జనరల్ కోర్టు మార్షల్‌లో కనీసం ఐదుగురు ఆఫీసర్లు తీర్పరులుగా కూర్చుంటారు. వాళ్లలో లా చదివినవాళ్లు ఒక్కరూ ఉండకపోవచ్చు. ఏ సాక్ష్యం చెల్లుతుందో, ఏ ప్రశ్న అడగకూడదో, నేరానికి ఏయే అంశాలు రుజువు కావాలో వాళ్లకు చెప్పేది జడ్జి అడ్వకేటే. చివర్లో సాక్ష్యం మొత్తాన్ని, దానికి వర్తించే చట్టాన్ని ఇరుపక్షాల ముందే విప్పి చెబుతాడు. తర్వాత తలుపులు మూసి ఓట్లు తీసుకుంటారు. పైఅధికారి మాటకు కిందివాళ్లు తల ఊపకుండా అందరికంటే జూనియర్‌తో మొదలుపెడతారు. ఓట్లు సమానమైతే నిందితుడికే మేలు జరుగుతుంది. ఆ గదిలో జడ్జి అడ్వకేటుకు మాత్రం ఓటు లేదు.

అక్కడితో అయిపోదు. ఆ కోర్టు ఇచ్చిన తీర్పును పైనున్న కమాండర్ ఖరారు చేసేదాకా అది చెల్లదు. ఖరారు చేసే ముందు ఆయనకు సలహా ఇచ్చేది ఇంకో జాగ్ ఆఫీసరు. ఆ సలహాను ఆయన వినవచ్చు, వినకపోవచ్చు. తీర్పుకు కారణాలు రాయడం కోర్టు మార్షల్‌కు తప్పనిసరి కాదని 1990లో ఎస్.ఎన్. ముఖర్జీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత ఆర్మీ రూల్స్ సవరించి, క్లుప్తంగానైనా కారణాలు రాయాలన్నారు. అవి రాసే పని మళ్లీ మనదే. తను ఓటు వేయని తీర్పుకు, ఒక్కోసారి తను ఒప్పుకోని తీర్పుకు కూడా, నలుగురూ చెప్పిన కారణాలను చట్టం భాషలో కూర్చి పెట్టాలి. జడ్జి కావాలని కలలు కన్న మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టడం కష్టం. నాకు చాలా రాత్రులు పట్టలేదు.

మరి అంత ప్రేమ ఎందుకని అడుగుతావు. ఒక సంగతి చెబుతాను.

నా మొదటి పోస్టింగు ఒక డివిజన్ హెడ్‌క్వార్టర్స్‌లో. నేనప్పుడు కెప్టెన్‌ని. ఒక యూనిట్ స్టోరులో సరుకు తగ్గింది. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే సైన్యం లోపలి విచారణ, జరిగి, స్టోరు చూసుకునే జవానుదే తప్పని తేలింది. ఇక చార్జిషీటు మీద నా సలహా రాసి పంపితే చాలు. ఫైలు తిరగేస్తుంటే ఒక తేదీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. అతనికి వ్యతిరేకంగా నలుగురు సాక్షులు మాట్లాడిన రోజున అతను సెలవు మీద ఇంటిదగ్గర ఉన్నాడు. ఒక మనిషి నడవడికకు, సైనికుడిగా అతని పేరుకు మచ్చ తెచ్చే విచారణ జరుగుతుంటే మొదటినుంచి చివరిదాకా అతను అక్కడ ఉండాలి, సాక్షులను ప్రశ్నించే అవకాశం అతనికి ఇవ్వాలి. ఆర్మీ రూల్ 180 చెప్పేది ఇదే. విచారణ మళ్లీ జరపాలని నోటు రాశాను.

మర్నాడు బ్రిగేడియర్ పిలిపించారు. కూర్చోమనలేదు. "నువ్వు ఆఫీసరువా, వాడి వకీలువా?" అని అడిగారు. ఆయన చెడ్డవాడు కాదు. యూనిట్‌లో దొంగతనం జరిగిందని మండిపోతున్నారు. రెండు నెలలు వెనక్కి వెళ్లడం ఆయనకు భరించరానిదిగా ఉంది. నా కాళ్లు వణికిన మాట నిజం. ఆయన కలం గీతతో నా ఏడాది రిపోర్టు మారిపోగలదు. అయినా రూల్ పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టి, "సర్, ఇప్పుడు రెండు నెలలు పోతాయి. ఇలాగే పంపితే తర్వాత కేసే పోతుంది" అన్నాను. ఆయన చదివారు. చాలాసేపు చదివారు. విచారణ మళ్లీ జరిగింది. రెండోసారి ఆ జవాను సాక్షులను తనే ప్రశ్నించాడు. స్టోరు తాళంచెవులు ఇంకో ఇద్దరి చేతుల్లోకి కూడా వెళ్లేవని బయటపడింది. అలాగని అతను పూర్తిగా నిర్దోషి అని తేలలేదు. రిజిస్టరు సరిగ్గా రాయనందుకు శిక్ష పడింది. దొంగ అన్న ముద్ర మాత్రం పడలేదు. అతను పింఛనుతో ఇంటికి వెళ్లాడు.

ఆ శిక్షణ ఏ సివిల్ కోర్టులోనూ దొరకదని నేను గట్టిగా నమ్ముతాను. బయటి జడ్జికి పక్కన రాజ్యాంగం నిలబడి ఉంటుంది. జాగ్ కెప్టెన్ తన కంటే మూడు నాలుగు ర్యాంకులు పైనున్నవాడి ముందు ఒక్కడే నిలబడి "చట్టం ఒప్పుకోదు సర్" అనాలి, అన్న తర్వాత సెల్యూట్ చేసి బయటికి రావాలి. ఈ మాట అనేవాడు లేకపోతే ఏమవుతుందో 1987 నాటి రంజిత్ ఠాకూర్ కేసులో చదువు. ఏ ఆఫీసరు మీద ఆ సిగ్నల్‌మన్ పైకి ఫిర్యాదు చేశాడో, ఆ ఆఫీసరే సమ్మరీ కోర్టు మార్షల్‌లో తీర్పు చెప్పేవాళ్లలో కూర్చున్నాడు. అతను చేసిన నేరం అన్నం తినమంటే తినకపోవడం. దానికి ఏడాది కఠిన శిక్ష, ఉద్యోగం నుంచి డిస్మిస్. సుప్రీంకోర్టు అంతా కొట్టేసింది. లా కాలేజీల్లో ఆ కేసును పక్షపాతం మీద పాఠంగా చదువుతారు. మా బ్రాంచిలో దాన్ని ఒక మనిషి బతుకుగా చదవాలని నేను జూనియర్లకు చెప్పేవాణ్ని.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు, లెక్కలకు వద్దాం. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు.

జాగ్‌లో ప్రవేశం షార్ట్ సర్వీస్ కమిషన్ ద్వారా, అంటే పరిమిత కాలపు ఆఫీసరుగా. వయసు 21 నుంచి 27 లోపు, ఎల్‌ఎల్‌బీలో కనీసం 55 శాతం మార్కులు, ఇటీవలి నోటిఫికేషన్లలో క్లాట్ పీజీ (లా పీజీ ప్రవేశ పరీక్ష) స్కోరు కూడా. తర్వాత ఐదు రోజుల ఎస్ఎస్‌బీ (ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూ), వైద్య పరీక్ష, చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో 49 వారాల శిక్షణ. అక్కడ లాయరని ఎవరూ ప్రత్యేకంగా చూడరు, బరువు మోస్తూ అందరితోపాటు పరుగెత్తాలి. సైనిక చట్టం నేర్పేది ఆ తర్వాత, నాగపూర్ దగ్గర కామ్ఠీలో ఉన్న సైనిక న్యాయ సంస్థలో. సర్వీసు మొదట పదేళ్లు. పదో ఏట పర్మనెంట్ కమిషన్‌కు, అంటే రిటైరయ్యేదాకా సర్వీసులో ఉంచడానికి, పరిశీలిస్తారు. అది రాకపోతే ఇంకో నాలుగేళ్లు ఉండవచ్చు.

నీకు 25 ఏళ్లకు కమిషన్ వచ్చిందనుకుందాం. పదేళ్ల తర్వాత బయటికొస్తే 35. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష వయసు మన రాష్ట్రాల్లో దాదాపు అక్కడితో ముగుస్తుంది కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసెయ్. మీ నాన్నగారు చెప్పింది ఇదే. ఇక మిగిలింది నేరుగా జిల్లా జడ్జి నియామకం. జిల్లా జడ్జి పోస్టుల్లో నాలుగో వంతు ఇలా నేరుగా భర్తీ చేస్తారు, ప్రాక్టీసులో ఉన్న లాయర్లు వాటికి పోటీపడవచ్చు. వాళ్లను రాజ్యాంగం 233వ అధికరణం అడిగేది అడ్వకేటుగా ఏడేళ్లు. ఆ ఏడేళ్లు దరఖాస్తు చేసేనాటికి నిరంతరంగా ఉండాలని 2013లో దీపక్ అగర్వాల్ కేసులో తేల్చారు. ప్రభుత్వ ప్రాసిక్యూటర్లు కోర్టులో నిలబడి వాదిస్తారు కాబట్టి వాళ్లను అడ్వకేట్లుగానే లెక్కించారు. నువ్వు జాగ్‌లో ఉన్నప్పుడు మాత్రం పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగివి, సనదు (వకీలుగా వాదించే లైసెన్సు) సస్పెండ్ చేయించుకోవాల్సిందే. ఆ పదేళ్లు ఆ ఏడింటిలోకి వస్తాయని ఆశ పెట్టుకోకు. 35కి మళ్లీ నల్లకోటు వేసుకుంటే 42కి అర్హత, 45 దగ్గర తలుపు మూసుకోవడం మామూలు. అంటే నీకు దొరికేది మూడేళ్ల సందు. అసాధ్యం కాదు. ఆ సందును నమ్ముకుని జీవితం మొత్తం ప్లాన్ చేసుకోమని మాత్రం చెప్పలేను.

హైకోర్టు సంగతి వేరు, ఈ తేడా చాలామంది లాయర్లకే తెలియదు. 217వ అధికరణం హైకోర్టు అడ్వకేటుగా పదేళ్లు అడుగుతుంది. దాని వివరణలో ఒక వాక్యం ఉంది: అడ్వకేటు అయిన తర్వాత, చట్టంలో ప్రత్యేక పరిజ్ఞానం కావలసిన ప్రభుత్వ పోస్టులో గడిపిన కాలాన్ని కూడా ఆ పదేళ్లలో కలుపుకోవచ్చు. జాగ్ పోస్టు ఆ మాటలకు సరిపోతుందనే నా అభిప్రాయం. 'అడ్వకేటు అయిన తర్వాత' అన్న ముక్కను పట్టుకో. ఎన్‌రోల్ కాకుండా నేరుగా చెన్నై రైలెక్కితే, ఈ వాక్యం నీకు ఏనాటికీ పనికిరాదు. అందుకే కోర్సు అయిన నెలలోనే రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవ్వు, ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ రాసెయ్, ఆ తర్వాతే సస్పెన్షన్ కాగితం పెట్టు. అర్హత వేరు, జడ్జీల పేర్లు సిఫారసు చేసే సీనియర్ జడ్జీల బృందం, అంటే కొలీజియం, నీ పేరు తీసుకోవడం వేరని కూడా గుర్తుంచుకో. కోర్టులో నిన్ను రోజూ చూసిన జడ్జీల నోటనే ఆ పేరు వస్తుంది.

ఇంకో తలుపు సాయుధ దళాల ట్రిబ్యునల్. కోర్టు మార్షల్ తీర్పుల మీద ఒక్క అప్పీలు కూడా లేకపోవడం ఏమిటని 1982లో పృథీపాల్ సింగ్ బేదీ కేసులో సుప్రీంకోర్టు ఆవేదన పడింది. పాతికేళ్లకు 2007లో చట్టం వచ్చింది, 2009 ఆగస్టులో ట్రిబ్యునల్ మొదలైంది. బెంచిలో ఒక జ్యుడీషియల్ సభ్యుడు, ఒక అడ్మినిస్ట్రేటివ్ సభ్యుడు. జ్యుడీషియల్ కుర్చీ హైకోర్టు జడ్జీలది. కనీసం ఏడాది జడ్జ్ అడ్వకేట్ జనరల్‌గా చేసినవాళ్లకు ఆ చట్టం రెండో కుర్చీకి అర్హత ఇచ్చింది. జీవితమంతా చట్టంతోనే గడిపినవాడు అడ్మినిస్ట్రేటివ్ సభ్యుడిగా అక్కడికి రావడం నాకు ఎప్పుడూ బాధగానే అనిపిస్తుంది. పైగా అది బ్రాంచి మొత్తంలో ఒకరు చేరే శిఖరం. పర్మనెంట్ కమిషన్ లేకుండా అటు చూడనే చూడలేం.

సీట్ల గురించి మీ స్నేహితులు చెప్పింది పాత మాట. ఒక బ్యాచ్‌లో మగవాళ్లకు ఆరు, ఆడవాళ్లకు మూడు ఖాళీలు పెట్టారు. మహిళల మెరిట్ జాబితాలో నాలుగు, ఐదు ర్యాంకుల్లో ఉన్నవాళ్లు, ఎంపికైన కొందరు మగవాళ్ల కంటే ఎక్కువ మార్కులు వచ్చి కూడా బయటే ఉండిపోయారు. 2025 ఆగస్టు 11న అర్ష్‌నూర్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు ఆ విభజన చెల్లదంది. ఇకమీదట అందరికీ ఒకే మెరిట్ జాబితా ఉండాలని ఆదేశించింది. జాగ్‌లో మహిళలకు పర్మనెంట్ కమిషన్ దారి 2008లోనే తెరుచుకుంది, చాలా బ్రాంచీల కంటే ముందు. కాబట్టి ఆడపిల్లనన్న కారణంతో వెనక్కి తగ్గకు.

మీ నాన్నగారికి కూడా ఒక మాట చెప్పాలి. ఆయన చూపిస్తున్న దారి కూడా రేపటికి సిద్ధంగా లేదు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అప్పటి నిబంధన ఏముందో చూసుకో. ఈ లెక్కన ఆ తలుపు నీకు తెరుచుకునేది 26, 27 ఏళ్లకు. సరిగ్గా అప్పుడే జాగ్ తలుపు మూసుకుంటుంది. అంటే వచ్చే మూడేళ్లూ మీ ఇద్దరి దారులూ ఒకటే: ఎన్‌రోల్ అయి ట్రయల్ కోర్టులో నిలబడటం. ఈలోగా జాగ్ నోటిఫికేషన్లు వస్తూనే ఉంటాయి, రాస్తూ ఉండు. మీ ఇంట్లో ఇవాళే గొడవపడాల్సిన అవసరం నాకు కనబడటం లేదు. ఎస్ఎస్‌బీలో ఎంపికై ఉత్తరం చేతికొచ్చిన రోజున కూర్చుని మాట్లాడుకోండి.

ఆ రోజు వస్తే ఏం చేయాలని అడుగుతావేమో. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో జడ్జి అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. జవాను అన్న మాట ఒక్కసారీ రాలేదు. తప్పు పట్టడం లేదమ్మా, 23 ఏళ్ల వయసులో నాకూ ఒక్క జవాను తెలియడు. కానీ ఇద్దరి మాట విని, తనే తేల్చి, తీర్పు రాసి, సంతకం పెట్టడం నీకు కావాలంటే, ఆ పని మొదటి రోజునుంచి చేసేది జూనియర్ సివిల్ జడ్జి. చిన్న కోర్టే కావచ్చు, అప్పు కేసులే కావచ్చు, ఆ సంతకం ఆమెది. జాగ్‌కు వెళ్తే ఆ సంతకం ఎప్పటికీ నీది కాకపోవచ్చని ఒప్పుకునే వెళ్లాలి. అలా ఒప్పుకున్నాక కూడా వెళ్లాలనిపిస్తే వెళ్లు. మంచి ఆఫీసరువి అవుతావు. జడ్జి కావడానికి మెట్టుగా మాత్రం వెళ్లకు. పదో ఏట నీకూ బాధ, అప్పటికి నీ ఫైలులో ఉన్న జవాన్లకూ నష్టం.

మనసు ఎటో తేల్చుకోవడానికి ఒక పని చెయ్. సాయుధ దళాల ట్రిబ్యునల్ బెంచి నీకు దగ్గరలో ఎక్కడుంటే అక్కడికి ఒక వారం వెళ్లి వెనక బెంచీలో కూర్చో. వైకల్య పింఛను కోసం వచ్చిన సిపాయి భార్య, డిస్మిస్ అయిన హవల్దారు, వాళ్ల వకీళ్లు, ఎదురుగా ప్రభుత్వ న్యాయవాది, పక్కన ఫైలు పట్టుకుని యూనిఫాంలో జాగ్ కెప్టెన్. చూస్తున్నంతసేపూ ఎవరి స్థానంలో నిన్ను నువ్వు ఊహించుకుంటున్నావో గమనించు. అది బెంచి మీద కూర్చున్నవాళ్లదా, ఫైలు పట్టుకున్న కెప్టెన్‌దా అన్నది నాకు రాస్తే ఆ తర్వాతి సంగతులు మాట్లాడుకుందాం. ఈలోపు క్లాట్ పీజీ దరఖాస్తు గడువు దాటిపోనివ్వకు. పరీక్ష కొన్నేళ్లుగా డిసెంబరులో పెడుతున్నారు, ఫారాలు అంతకు కొన్ని నెలల ముందే తీసుకుంటారు.